గంగులమ్మ కడిగిన బండలు

1958వ సంవత్సరం. బాగేపల్లిలో రోడ్ల ఓవర్సీరుగా చేరి నాకది నాలుగో ఏడు. ఓవర్సీరంటే ఏమిటని ఎవరైనా అడిగితే, పైన ఇంజినీరు చేత, కింద గడ్డపార పట్టినవాళ్ళ చేత మాటలు పడే ఉద్యోగమని చెప్పేవాణ్ని. మాది నంది అనే ఊరు. మా ఇంట్లో తరతరాలుగా గుడి సేవే. నేను మాత్రం బెంగళూరులో చదువుకుని కొలత గొలుసూ మేకులూ పట్టుకుని ఊళ్ళ మీద పడ్డాను. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఎన్నో రోడ్లు వేశాను, కల్వర్టులు కట్టాను. అవేవీ ఇప్పుడు కళ్ళ ముందు నిలవవు. ఒక్క ఇల్లు నిలుస్తుంది. అదీ నేను కట్టిన ఇల్లు కాదు, విప్పిన ఇల్లు.

ఆ ఏడు బాగేపల్లి నుంచి పాతపాళ్య వైపు వెళ్ళే దారిని వెడల్పు చేసి బస్సు నడిచేలా చెయ్యమన్నారు. అలైన్‌మెంట్ నా చేతికిచ్చారు. అలైన్‌మెంట్ అంటే రోడ్డు ఎటు నడవాలో చెప్పే గీత. ముందు కాగితం మీద గీస్తారు, తర్వాత మావంటివాళ్ళం నేల మీద మేకులు కొడతాం. కాగితం మీద గీత భలే సులువుగా పోతుంది. నేల మీద ఊరు అడ్డం వస్తుంది.

ఆ సీమలో పాత పల్లెలు ఎట్లుంటాయో చెప్పాలి. ఒకప్పుడు దోపిడీల భయంతో ఊరంతా ఒక మట్టి కోట లోపల ముడుచుకుని ఉండేది. ఇంటికీ ఇంటికీ మధ్య సందు ఉండదు. వీధులు కావాలనే వంకరగా వేసుకున్నారు, గుర్రం పరుగెత్తకుండా. కోటగోడ ఎప్పుడో కరిగిపోయింది, వంకర మాత్రం మిగిలింది. నా గీత వచ్చి ఆ వంకరలో ఉన్న ఒక ఇంటికి తగిలింది. మేకు సరిగ్గా ఆ ఇంట్లో అందరూ కూర్చునే, పడుకునే పడసాల నడిమధ్యలో పడింది.

ఆ ఇంటిని మొదటిసారి చూసిన రోజు నా పని మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను. మొత్తం రాతి ఇల్లు. వరసకు నాలుగు చొప్పున పదహారు రాతి స్తంభాలు. వాటి మీద పన్నెండు రాతి దూలాలు. దూలం నుంచి దూలానికి పరిచిన నలభై ఎనిమిది బండలు, ఒక్కోటి ఏడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. అక్కడివాళ్ళు చప్పడి బండలంటారు. గోడలు మాత్రం మట్టివి. ఒక పక్క ఎద్దులు, నడుమ పడసాల, ఇంకో పక్క వంటిల్లూ గదీ. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద. సున్నం గాని, ఇనుము గాని పట్టు కోసం వాడింది లేదు. రాయి మీద రాయి తన బరువుతోనే కూర్చుంది. నేను బెంగళూరులో మూడేళ్ళు చదివిన చదువంతా ఆ ఇంట్లో ఎవరో చదువురానివాళ్ళు చేసి చూపించారు.

ఆ ఇంటి పెద్ద గంగులమ్మ. అరవై దాటిన మనిషి, చిన్న గొంతు, పెద్ద అధికారం. కొడుకు చౌడరెడ్డి సేద్యం చేసేవాడు, తల్లి ముందు నోరెత్తడు. కోడలు రత్నమ్మకు ఎనిమిదో నెల. ముందరి కాన్పు నిలవలేదు. పుట్టింట్లో తల్లి లేదు కాబట్టి ఈ కాన్పు అత్తింట్లోనే.

ఊరికి ఉత్తరాన సర్కారు వేరే జాగా ఇస్తుందని చెప్పాను. గంగులమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎనిమిది నెల్ల కోడల్ని పెట్టుకొని కొత్తిల్లు కట్టమంటావా? కడుపుతో ఉండే మనిషి కొత్తింట్లో కాలు పెట్టకూడదని మీ ఇండ్లల్లో చెప్పలేదా అప్పా?"

మా ఇళ్ళల్లోనూ చెప్పారు. ఆ మాటకొస్తే మా అమ్మ ఇంకా గట్టిగా చెప్పేది. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఆ వయసులో బుర్రకంటే ముందు నోరు పరుగెత్తుతుంది.

"కొత్తిల్లు యాడిది అమ్మా? ఇదే ఇల్లు. విప్పి అక్కడ పెడతాం. ఏ రాయి ఇప్పుడు యాడుండాదో అక్కడ కూడా ఆడనే ఉంటాది. ఇల్లు జరుగుతాది, అంతే."

ఆమె వెనక్కి తిరిగింది. లోపలికి పోయి వంటింట్లో నిలబడి కప్పు వైపు చూసి వచ్చింది.

"గోడలు?"

"ఈ మన్నే బండ్ల మీద తోలిస్తాను."

"గోడ మన్ను ఏటేటా మెత్తేదే, దానికి దోసం లేదు. రాళ్ళు మాత్రం ఒక్కటి మారినా అది కొత్తిల్లే. అప్పుడు కాన్పయ్యేదాకా నా కోడలు గడ్డికొట్టంలో ఉండాల్సిందే. వాన పడినా ఆడనే. ఆలోచించుకొని మాటియ్యి."

గడ్డికొట్టమంటే వాళ్ళ పొలం గట్టున వరిగడ్డి వేసుకునే పాక. పైన కప్పు సగం లేదు. నేను ఆలోచించుకోకుండానే మాటిచ్చాను.

రాతిపనికి ముత్తప్ప మేస్త్రిని పిలిపించాను. నల్లగా, పొట్టిగా, నవ్వితే ఒళ్ళంతా నవ్వే మనిషి. రాళ్ళు విప్పేముందు ప్రతి రాతికీ గుర్తు పెట్టాలన్నాను. అతను ఉలి తీశాడు.

"ఒక్కో గీటు కొట్టేస్తానయ్యా. నూరేండ్లయినా పోదు."

"నా ఇంటి రాయికి ఉలి తగిలిందంటే అది కొత్తరాయే అయితాది," అంది గంగులమ్మ.

సరే, నేను రోడ్డువాణ్ని, తారు పీపాలు బోలెడన్ని ఉన్నాయి, తారుతో రాద్దామన్నాను. "కడుపుతో ఉండే మనిషి ఇంట్లో నలుపు పూస్తావా?" అంది. చివరికి సున్నం ఖాయమైంది. తెలుపు మంచిదేనట. కుంచెతో ప్రతి రాతి మీదా నేనే స్వయంగా అంకె వేశాను. నా ఫీల్డ్ బుక్‌లో, అంటే పనిచోటే కొలతలు రాసుకునే పుస్తకంలో, ఇంటి ప్లాను గీసి అవే అంకెలు అందులోనూ ఎక్కించాను. ఆ ప్లాను చూసుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను. భోజనానికి కూర్చున్నప్పుడు కూడా పక్కన తెరిచి పెట్టుకునేవాణ్ని.

విప్పడానికి ఆరు రోజులు పట్టింది. ఒక్క బండ విరగలేదు. ముత్తప్ప మనుషులు ఒక్కొక్క బండనూ దుంగల వాలు మీద జారవిడుస్తుంటే నేను కిందకీ పైకీ తిరిగేవాణ్ని. కొత్త జాగాలో బండల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి వరసగా ఆనించారు. పడుకోబెడితే బరువుకు పగులుతాయి. రత్నమ్మ, గంగులమ్మ గడ్డికొట్టంలోకి మారారు. అంతా అనుకున్నట్టే జరుగుతోందని ధైర్యం వచ్చి, ఆఫీసు పని మీద రెండు రోజులు చిక్కబళ్ళాపురం వెళ్ళాను.

తిరిగి వచ్చింది శుక్రవారం పొద్దున. తూర్పున మబ్బు ముదురుగా ఉంది. సైకిల్ దిగుతూనే చూశాను. ఊళ్ళో ఆడవాళ్ళు పది పన్నెండు మంది, చీరలు పైకి దోపుకుని, కుండలతో నీళ్ళు, పేడ, కొబ్బరి పీచు పట్టుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో గంగులమ్మ. ముఖమంతా వెలిగిపోతోంది. స్తంభాలూ దూలాలూ బండలూ అన్నీ తళతళమని మెరుస్తున్నాయి. ప్రతి బండకూ ఒక పసుపు బొట్టు.

"ఊరోళ్ళ కాళ్ళ కింద పడ్న రాళ్ళు గదా అప్పా. మైలతో ఇంట్లోకి ఎట్ల తీసుకుపొయ్యేది? రెండు దినాలు తోమినాము. ఒక్క మరక లేదు, చూడు."

చూశాను. ఒక్క మరకా లేదు. ఒక్క అంకే లేదు.

ఫీల్డ్ బుక్ తెరిచాను. అందులో అంకెలన్నీ ముద్దుగా కూర్చుని ఉన్నాయి. ముత్తప్ప వెనకనుంచి వచ్చి చూశాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నేల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"నవ్వు చాలించి లేస్తావా లేదా?" అని అరిచాను. నిజం చెప్పాలంటే ఏడుపు వస్తోంది నాకు.

గంగులమ్మకు మా ఇద్దరి ముఖాలు చూసి తెలిసిపోయింది. చేతిలోని పీచు జారిపోయింది.

"ఆ తెల్ల రాతలేనా... అయ్యో, నేనే చేసుకొంటినా అప్పా?"

అంత అధికారం గల మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయింది. నాకు ఆమె మీద కోపం రావలసింది, రాలేదు. తప్పు నాదే. కడిగి గాని రాతిని ఇంట్లోకి తీసుకోని ఇల్లాలికి, కడిగితే పోయే సున్నంతో గుర్తులు పెట్టింది నేను. ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె వినిపించుకోలేదు. గడ్డికొట్టం వైపు చూస్తూ నిలబడింది.

ముత్తప్పే ముందు తేరుకున్నాడు. "కంబాలకూ దూలాలకూ భయం లేదయ్యా. గాడి చూస్తే జత తెలుస్తాది," అన్నాడు. గాడి అంటే రాయి రాతిలో కూర్చోవడానికి చెక్కిన పల్లం. పాతకాలపు పనివాళ్ళు ఒక్కో గాడిని ఒక్కో కొలతలో చెక్కారు. ఒక దూలం వేరే స్తంభం మీద కూర్చోనే కూర్చోదు. మధ్యాహ్నానికల్లా అతను పదహారు స్తంభాలకూ పన్నెండు దూలాలకూ జతలు కుదిర్చేశాడు. మిగిలినవి బండలు. నలభై ఎనిమిదీ ఒకే అచ్చు. గాడి లేదు, గంటు లేదు.

అప్పుడు రత్నమ్మ వచ్చింది. ఈ గొడవ విని గడ్డికొట్టం నుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని బండల వరస వెంట నడిచింది. ఒక దాని దగ్గర ఆగింది.

"అత్తా, ఇది నా తలమీద రాయి."

"ఎట్ల తెలుసే?"

"కోడిపెట్ట మాదిరి మచ్చ ఉండాది చూడు. పెండ్లయినప్పటినుంచి దాన్ని చూసే నిద్రపోతాండా. గదిలో, వాకిలి పక్కనుంచి మూడోది."

నేను పరుగెత్తాను. నిజంగానే మచ్చ ఉంది. రాతి అడుగు వైపున, లేత నల్లగా, తోకతో సహా కోడిపెట్ట. అది పొగ మచ్చ. వంటింటి పొగ గోడ మీదుగా గదిలోకి వచ్చి ఏళ్ళ తరబడి పట్టిన మచ్చ. తోమితే పోయేది కాదు. ఇన్నాళ్ళూ దుమ్మూ బూజూ పట్టి, రోజూ కింద పడుకుని చూసే కళ్ళకు తప్ప కనిపించనిది ఇప్పుడు అద్దంలో బొమ్మలా పైకి తేలింది. వీళ్ళు కడగకపోయి ఉంటే నాకు కనిపించేదే కాదు!

"ముత్తప్పా, బండలన్నీ అడుగు వైపు ఇటు తిప్పించు!" అని కేక పెట్టాను. ఆ తర్వాత నేను ఎంత సంబరంలో ఉన్నానో చెప్పలేను. ప్రతి బండా ఒక కాగితమైంది. పొయ్యి మీద ఉన్నవి కాటుకలా నలుపు. దూరం జరిగే కొద్దీ నలుపు పలచబడింది. రెండు చివర్లా మాత్రం రాయి పుట్టినప్పటి రంగులోనే ఉంది, ఎందుకంటే అక్కడ దూలం మీద కూర్చుంది, పొగ తగలలేదు. ఆ ఆనిన భాగాన్ని మేం బేరింగ్ అంటాం. ఒక బండ అంచులో ఆగిన మసి పక్క బండ అంచులో మళ్ళీ మొదలవుతోంది. చింపిన ఉత్తరం అతికించినట్టు ఒక్కొక్క జతా కలిపాం. వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత పక్కనున్న బండలకు వాన చారలు దొరికాయి. దీపపు గూటి పైనున్న దానికి సన్నటి నాలుక లాంటి మసి. ఎద్దుల పక్కనున్న వాటికి కందిరీగలు కట్టిన మట్టి గూళ్ళ జాడలు.

ఈ జాడలతో వంటింటి పక్కవీ, ఎద్దుల పక్కవి చాలావరకూ కుదిరాయి. పడసాల మీదివి మొండికేశాయి. గంగులమ్మ వాటి ముందు నిలబడి తల అడ్డంగా ఊపింది.

"నిలబడుకొని చూస్తే ఎట్ల తెలుస్తాది? నేనెప్పుడు నిలబడుకొని చూసినానని? చాప తెండి."

చాప తెచ్చారు. ఆమె బండ పక్కన వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి చూసింది.

"ఆ, ఇది! ఉయ్యాల కొండి పక్కది. చౌడుడు పుట్టినప్పుడు రేయంతా దీన్నే చూస్తా ఉంటి."

చాప జరిపారు. మళ్ళీ పడుకుంది. "ఇది ఉట్టి మీదిది." మళ్ళీ జరిపారు. "ఇది మా మామ పండుకొనే తావుది. ఆయప్ప పోయినప్పుడు పక్కనే కూర్చొని, ఆయప్పను చూడలేక దీన్ని చూస్తాంటి." ఊరి ఆడవాళ్ళు చాప లాగేవాళ్ళు, నేను ఫీల్డ్ బుక్‌తో పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ప్లానుతో సరిచూసేవాణ్ని, ముత్తప్ప మనుషులు బండ పట్టుకునేవారు. కాన్పులు, జ్వరాలు, చావులు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ బండల కింద జరిగాయి. ఆమె చెబుతూ పోయింది. రత్నమ్మ పక్కన రాతి మీద కూర్చుని నవ్వుతోంది. పది రోజులుగా ఆ అమ్మాయి నవ్వడం నేను చూడలేదు.

ఒక్కో బండా తేలగానే దానికి మళ్ళీ గుర్తు పెట్టాలి. కుంచె పట్టుకుని తటపటాయించాను. గంగులమ్మ చాప మీద నుంచే అంది:

"ఇంకా సున్నం పట్టుకొంటావేమప్పా? ఆ తారు తెచ్చి పుయ్యి. పైపక్క పుయ్యి, లోపలికి కనపడదు."

సాయంత్రానికి నలభై ఆరు తేలాయి. రెండు మిగిలాయి. రెండూ ఎద్దుల పక్కవే. మసి లేదు, చార లేదు, గూడు జాడ లేదు. ఖాళీలు రెండే, కాని ఏది ఎందులో? తూర్పున ఉరుములు మొదలయ్యాయి. ముత్తప్ప నన్ను చూశాడు, నేను గంగులమ్మను చూశాను. ఆమె ఒక బండ దగ్గర పడుకుంది, లేచి రెండో దాని దగ్గర పడుకుంది, మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చింది. రత్నమ్మ లేచి నిలబడింది, నవ్వు పోయింది.

"ఇది వాకిలి పక్క, అది గోడ పక్క," అంది గంగులమ్మ లేస్తూ. "నా ఇంటి రాయి నాకు తెలీదా? ఎత్తండి."

తర్వాత నాలుగు రోజులు నేను రోడ్డు పనే మరిచిపోయాను. స్తంభాలు నిలబెట్టాం, దూలాలు ఎక్కించాం, బండల్ని వాలు మీద గడ్డపారలతో ఒక్కొక్క అంగుళం పైకి తోశాం. ఆఖరి బండ కూర్చున్నప్పుడు ఊరంతా అరిచింది, నేనూ అరిచాను. పైన సందులకు సున్నం మెత్తి, మన్ను పరిచారు. గోడలు ఇంకా లేవలేదు. ఆ ఇళ్ళ గొప్పతనమే అది. కప్పు గోడల మీద ఆధారపడదు, స్తంభాల మీద నిలబడుతుంది. గోడల చోట తడికలు కట్టుకుని ఆ సాయంత్రమే లోపలికి వచ్చేశారు.

గంగులమ్మ పాలు పొంగించలేదు. పురోహితుణ్ణి పిలవలేదు. తోరణం కట్టలేదు. పొలం నుంచి ఇంటికి వచ్చినట్టు కాళ్ళు కడుక్కుని వచ్చి పొయ్యి రాజేసి సంగటికి ఎసరు పెట్టింది. తన ఇంట్లోకి తాను రావడానికి పూజెందుకు? రత్నమ్మ గదిలోకి వెళ్ళి చాప మీద వాలి, పైకి చూసి, "కోడి ఉండాది అత్తా!" అని కేక వేసింది. గంగులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పొగ కదా అంది. వాన ఆ రాత్రే వచ్చింది, లోపల ఒక్క చుక్క పడలేదని పొద్దున చౌడరెడ్డి నాలుగు మైళ్ళు నడిచి వచ్చి నాకు చెప్పాడు.

నెల తిరగకుండా ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఉయ్యాలలో వేసే రోజు నన్నూ ముత్తప్పనూ భోజనానికి పిలిచారు. ఉయ్యాల పాత కొండికే వేలాడుతోంది. తిన్నాక గంగులమ్మ నాకు ఒక్కడికే తాంబూలం ఇస్తూ ఎద్దుల వైపు చూపించి, గొంతు తగ్గించి అంది.

"ఆ రెండు రాళ్ళు నాకు తెలీలేదప్పా."

నేను తమలపాకు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. "మరి?"

"నేనెప్పుడన్నా ఎద్దుల పక్కన పండుకొంటినా, తెలిసేదానికి? రత్నమ్మ నా మొగమే చూస్తా నిలబడుకోనుండాది. తెలీదంటే ఆ కడుపులో బిడ్డకు భయం పుట్టదా? తెలుసంటి. నేను తెలుసన్నాక అదే ఇల్లు."

ఆ తర్వాత ఎక్కడ పాత ఇల్లు విప్పవలసి వచ్చినా ముందు ఆ ఇంటి ఆడమనిషిని పిలిచి, చాప వేసి, కప్పు చూపించి చెప్పమనేవాణ్ని. మా పైవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని, కాని ఫీల్డ్ బుక్‌లో కొలతల పక్కన ఇంకో గడి గీసుకుని ఆ మాటలన్నీ రాసుకునేవాణ్ని. ఇల్లు ఎక్కడుందో నా ప్లాను చెప్పగలదు. అది ఎవరిదో, అది ఇంకా అదే ఇల్లో కాదో చెప్పగలిగేది దాని కింద పడుకుని పైకి చూసినవాళ్ళే.

ఆ పని ముగిసినట్టు నేను పైకి పంపిన రిపోర్టులో, రాళ్ళు మొత్తం డెబ్భై ఆరు, అన్నీ యథాస్థానంలో ఉన్నవి, అని రాసి సంతకం పెట్టాను. అది నేను రాసింది తాంబూలం తీసుకుని వచ్చిన మర్నాడు.